ఎవరి తలకు ఎవరి కొలత?

పాలకుర్తి ప్రాంతపు చలి మంచు కురియు దేశముల చలివంటిది కాదు. పగలు పది గంటలు దాటిన తరువాత ఎండలో నిలువలేము. అయినను డిసెంబరు నడుమనుండి సంక్రాంతివరకు తెల్లవారుజామున వీచు గాలి చెవులలోనికి సూదివలె దిగును. యౌవనస్థులు తలకు తువ్వాలు చుట్టుకొని పొలమునకు పోవుదురు. వారికది ఒక లెక్కలోనిది కాదు. వృద్ధుల సంగతి వేరు. ఒక ఉదయము చెవికి గాలి సోకినయెడల ఆ దినమంతయు తలపోటుతో మంచము దిగలేరు.

రెండేండ్ల క్రిందట మా సంఘ స్త్రీలు క్రిస్మసు పండుగకు వృద్ధులకు ఊలు తలపట్టీలు అల్లి ఇయ్యవలెనని తలంచిరి. తలపట్టీ అనగా టోపీ కాదు. నాలుగంగుళముల వెడల్పుగల పట్టీ. అది నుదురును, రెండు చెవులను కప్పి తల వెనుకకు పోవును. నడినెత్తిని విడిచిపెట్టును గనుక కొప్పు ముడుచుకొను స్త్రీలకు అనుకూలముగా నుండును. మాలో ఒక సహోదరి చిన్ననాట మిషను బోర్డింగు బడిలో రెండు సూదుల అల్లిక నేర్చుకొన్నది. తక్కినవారికి ఆమెయే గురువు. (ఒకరిద్దరు ఆడపిల్లలు ఫోనులో చూచి నేర్చుకొని ఆమెకంటె వేగముగా అల్లిరి. ఆ సంగతి ఆమెయే సంతోషముతో నాకు చెప్పెను.)

పని మొదలుపెట్టకముందు ఆమె నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఎవరెవరికి ఇయ్యాలెనో పేర్లు చెప్పుండ్రి. ఇంటింటికి పోయి తలలు కొలిచి వస్త. గుండీ పెట్టి, కాజా విడుస్త" అనెను.

నేను అప్పుడు లెక్కల పుస్తకము తెరచుకొని యుంటిని. వృద్ధులు 40 మంది. గడువు 6 వారములు. గుండీలకు వేరే ఖర్చు. "అమ్మా, మనుష్యుల తలలన్నియు ఇంచుమించు ఒక్కటే గదా. అందరికి ఒకే కొలత పెట్టి, కొనలు రెండును కలిపి కుట్టివేయుడు. ఊలు సాగును. తలమీదుగా లాగుకొందురు" అంటిని. ఆమె మారు పలుకలేదు. పాదిరి మాటకు మారు పలుకకుండుట మన సంఘములలో భక్తిగా ఎంచబడుచున్నది. దానివలన పాదిరులకు కలుగుచున్న నష్టమును మాత్రము ఇంతవరకు ఎవరును లెక్కకట్టలేదు.

పండుగనాడు 40 పట్టీలు పంచితిమి. ఫొటో తీయించుకొంటిమి. లెక్క సరిపోయినది.

జనవరి నెలలో ఒక ఉదయమున గృహదర్శనములకు పోవుచు 80 ఏండ్లు దాటిన ఒక విధవరాలి యింటికి వెళ్లితిని. ఆమెకు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయినది. అరుగుమీద గోడకానుకొని, ఎడమచేతితో కొంగును చెవికి అదిమి పట్టుకొని కూర్చుండెను. ప్రార్థన చేసిన పిమ్మట, "అవ్వా, మన పట్టీ ఏది?" అని అడిగితిని.

"పెట్టెల ఉన్నదయ్యగారూ. మంచిగున్నది."

"మరి పెట్టుకొనవేమి?"

ఆమె కొంచెము నవ్వెను. "రెండు చేతులుంటె పెట్టుకుందు. పొద్దుగాల మనుమరాలు బడికి పోయేటప్పుడు పెట్టి పోతది. అది కండ్ల మీదికి జారుతది. తీసి పక్కన పెడత. మల్ల పిల్ల సాయంత్రం వచ్చినంకనే." కొంతసేపు ఊరకుండి, నేను అడుగకయే మరియొక మాట చెప్పెను. "మా నాయిన గడి ముందటినుంచి పోయేటప్పుడు తలరుమాలు తీసి సంకల పెట్టుకునేటోడు. గడి దాటినంక మల్ల చుట్టుకునేటోడు. తీసుడు దొర కోసమైనా, చుట్టుకునుడు ఆయినదే ఉండె. నాకు గది గూడ లేకపాయె."

ఆమె నన్ను నిందింపవలెనని ఈ మాట అనలేదు. నిందించిన యెడల నేను జవాబు చెప్పి యుందును.

ఈ ప్రాంతపు చరిత్ర నెరుగనివారికి ఒక మాట చెప్పవలెను. మన పాలకుర్తి బమ్మెర పోతనకును పాల్కురికి సోమనాథునికిని సంబంధించిన నేల అని చదువుకొన్నవారు చెప్పుకొందురు, అది నిజమే. కాని మన సంఘముల పితరులు పుస్తకములు చదివినవారు కారు. వెట్టి చేసినవారు. 1940వ దశకమున ఇదే పాలకుర్తిలో చాకలి కులస్థురాలైన చిట్యాల ఐలమ్మ తాను కౌలుకు తీసికొని పండించిన పంటను విసునూరు దేశముఖు మనుష్యులకు ఇయ్యక సంగము వారి తోడ్పాటుతో తన యింటికి చేర్చుకొనినది. ఆమె 1985లో చనిపోయెను. ఆనాటి దొరలు ఏమియు ఇయ్యలేదని కాదు. పండుగకు పాత బట్టలిచ్చిరి, గింజలు పెట్టిరి. అయితే ఆ ఇచ్చుటలో పుచ్చుకొనువాడు చేయవలసిన పని ఒక్కటే యుండెను: తల వంచుట. ఆ దినమున అరుగుమీద కూర్చుండియుండగా నా మనస్సాక్షి నన్నడిగిన ప్రశ్న ఇది: నేను ప్రభువు నామమున పంచిన 40 పట్టీలలో పుచ్చుకొనువారికి నేను విడిచిన పని ఏమి?

ఇంటికి వచ్చి సహోదరికి జరిగినది చెప్పితిని. ఆమె "నేను ముందే అనలేదా" అనలేదు. ఆ పట్టీని తెప్పించి, కుట్టు విప్పి, కొననుండి దారము లాగెను. వస్త్రమును ఒకసారి కత్తిరించిన తరువాత తప్పు దిద్దుకొనుట కష్టము. అల్లిక అట్లు కాదు. ఎంత దూరము పోయినను విప్పి, ఉండ చుట్టి, మరల మొదలుపెట్టవచ్చును. ఊలు కొంచెము ముడుతలు పడియుండును, అంతే.

ఆ సాయంకాలము నేను ఆమె యింట కూర్చుండి ఆ పని మొదటినుండి చూచితిని. మగవారు, అందులో పాదిరులు, ఇట్టివి సాధారణముగా చూడరు గనుక కొంత వివరముగా వ్రాయుచున్నాను. ఎనిమిదవ నంబరు సూదులు. సూదిమీద 21 కుట్లు ఎక్కించిన నాలుగంగుళముల వెడల్పు వచ్చును. ప్రతి వరుసయు ఒకే విధముగా అల్లుచు పోయినయెడల పట్టీ అంచులు చుట్టుకొనక బల్లపరుపుగా నిలుచును, సాగును కూడ. తల చుట్టు 22 అంగుళములున్నయెడల పట్టీ చుట్టు 20 అంగుళములే యుండవలెను. లేనిచో కొన్ని దినములకే వదులై కండ్లమీదికి జారును. (నేను పంచిన పట్టీలు జారుటకు కారణము ఇదియే. పెద్ద తలకు సరిపోవునట్లు అందరికి అల్లించితిని.) గుండీ కుట్టు కొన ఒకదానిమీద ఒకటి పడుటకు మరి రెండంగుళములు కలుపవలెను.

ఇక కాజా. కొనకు దగ్గర వచ్చినప్పుడు ఆమె తొమ్మిది కుట్లు అల్లి, నడిమి మూడు కుట్లను ముగించివేసి, తక్కిన తొమ్మిది అల్లెను. అప్పుడు పట్టీలో ఒక రంధ్రము కనబడెను. "ఇట్లే విడిచిపెట్టెదవా?" అని అడిగితిని. "విడిస్తె పట్టీ సగము వెడల్పు పోతది అయ్యగారూ" అని చెప్పి, తిరుగు వరుసలో ఆ చోటికి రాగానే క్రొత్తగా మూడు కుట్లు సూదిమీద ఎక్కించి, ముందువలె 21 చేసికొని అల్లుకొనిపోయెను. రంధ్రము రంధ్రముగానే నిలిచినది. పట్టీ చెడలేదు. అజాగ్రత్తవలన జారిన కుట్టు క్రిందివరకు నిచ్చెనవలె విప్పుకొనిపోవును. కావలెనని విడిచి, రెండు ప్రక్కల కాపాడిన చోటుమాత్రము ఒకరి చేతికొరకు ఎదురుచూచుచుండును.

కోటుకు పెట్టునంత పెద్ద గుండీ తీసికొనెను. చిన్నది అందముగా నుండును గాని ముసలి వ్రేళ్లకు చిక్కదు. గుండీని ఎడమచెవికి కొంచెము పైగా వచ్చునట్లు కుట్టెను. ఎందుకనగా అవ్వకు పనిచేయునది ఎడమచేయి.

మరునాడు ఇద్దరము పోతిమి. అవ్వ ఆ పట్టీని ఒడిలో పెట్టుకొని చాలసేపు తడిమి చూచెను. తరువాత పట్టీ నడుమను కుడిచెవిపై పెట్టుకొని, తలను గోడకు అదిమి జారకుండ పట్టుకొని, రెండు కొనలను ఎడమప్రక్కకు లాగుకొని, బొటనవ్రేలితో గుండీని నెట్టజొచ్చెను. మొదటిసారి కుదరలేదు. రెండవసారియు కుదరలేదు. సహాయము చేయవలెనని నా చేయి ముందుకు పోయెను. సహోదరి నా వైపు ఒక్క చూపు చూచెను. చేయి వెనుకకు తీసికొంటిని. నాలుగవసారియో అయిదవసారియో గుండీ కాజాలో దూరెను.

ప్రియ చదువరీ, ఇంతవరకు చదివి నీవు ఒక అభ్యంతరము చెప్పవచ్చును. అది న్యాయమైన అభ్యంతరమే. "అయ్యా, ప్రతి తలను కొలుచుచు కూర్చున్నయెడల పది తలలు కొలుచులోపల ముప్పదిమంది చలికి వణకుదురు. వరద వచ్చినప్పుడు, తుపాను వచ్చినప్పుడు కొలతలు అడుగుదుమా?" అడుగము, అడుగకూడదు. ఆకలిగొన్నవానికి ముందు అన్నము పెట్టవలెను. కాని అట్టి వేళలలో మనము పంచునవేవో గమనించుము. దుప్పటికి కొలత లేదు. మన కురుమ సోదరుల గొంగడిని చూడుము. దక్కను గొఱ్ఱెల నల్లని ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గముమీద నేసిన ఆ గొంగడికి గుండీయు లేదు, కాజాయు లేదు. అయినను గొఱ్ఱెల కాపరి దానిని ఒక మూల మడిచి నెత్తిన వేసికొన్నయెడల టోపీ యగును, వాన వచ్చిన గొడుగగును, రాత్రి పరుపగును. ఎట్లు మడుచుకొనవలెనో వాని యిష్టము. (మాంసముకొరకు పెంచు నెల్లూరు జాతి గొఱ్ఱెలకు ఉన్ని లేదు గనుక అవి వచ్చినకొలది గొంగడి నేయువారు తగ్గిపోవుచున్నారు. ఇది మరియొకప్పుడు వ్రాయవలసిన దుఃఖము.) నా తప్పు కొలవకపోవుటయే కాదు. కొలవనివాడను వారికి గొంగడివంటిది ఇచ్చియుండవలెను. లేక కొలిచియైన ఇయ్యవలెను. నేను నా తలలోని కొలతను వారి తలలమీద ఎక్కించి కుట్టివేసితిని.

లేఖనములలో ఇట్టి దాత ఒకడున్నాడు. మొదటి సమూయేలు 17వ అధ్యాయములో రాజైన సౌలు దావీదునకు తన యుద్ధవస్త్రములను ధరింపజేసి, తలమీద రాగి శిరస్త్రాణము పెట్టెను. సౌలు దుర్బుద్ధితో ఇయ్యలేదు. తనకున్నవాటిలో మేలైనదే ఇచ్చెను. కాని సౌలు ఇశ్రాయేలీయులందరికంటె భుజములు మొదలుకొని పైకి ఎత్తరియని అదే గ్రంథమున ముందే చెప్పబడియున్నది. దావీదు వాటిని తీసివేయుటకు ధైర్యము గలవాడాయెను. మా అవ్వ పెట్టెలో పెట్టెను. పేదవారు మన దానములను తీసివేయరు. మంచిగున్నదని చెప్పి పెట్టెలో పెట్టుదురు. ఆ పెట్టెలు తెరచి చూచిన సంఘము ధన్యమైనది.

అదే గ్రంథములో రెండవ అధ్యాయమున హన్నాను చూడుము. కుమారుని షిలోహులో విడిచి వచ్చినది. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయినది. బాలుని సంవత్సరమునకు ఒక్కసారియే చూచునట్టి తల్లి, ఆ అంగీ కొలతను ఎక్కడనుండి తెచ్చుకొనెను? పొరుగింటి బాలుని ప్రక్కన నిలువబెట్టి చూచెనో, పోయిన యేటి చేతి పొడవును తన చేతిపై గురుతు పెట్టుకొనెనో మనకు చెప్పబడలేదు. అయినను పెరిగిన బాలునికి పాత కొలత పనికిరాదని ఏ తల్లికి తెలియదు? ప్రతి సంవత్సరము ఆమె అతనిని క్రొత్తగా తలంచుకొనవలసి వచ్చెను. యొప్పేలో తబిత చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు ఆమె చేసిన వస్త్రములను చూపిరని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. ఆమె ఎన్ని చేసెనో లూకా లెక్క వ్రాయలేదు. లెక్క వ్రాసినది నేను.

మన ప్రభువు తానే యెరికో త్రోవలో కూర్చున్న బర్తిమయిని పిలిపించి, నేను నీకేమి చేయవలెనని కోరుచున్నావని అడిగెను. గ్రుడ్డివానికి ఏమి కావలెనో ఆయనకు తెలియదా? మన తలవెండ్రుకలన్నియు లెక్కింపబడియున్నవని చెప్పినవాడు ఆ తల కొలతను ఎరుగడా? ఎరిగియు అడిగెను. వాడు నోరు తెరచి చెప్పుటకు చోటు విడిచెను.

ఇది మన ప్రాంతపు సంఘములకు క్రొత్త బోధ కాదు. మన ప్రక్కనున్న మహబూబాబాదు జిల్లాలోని దోర్నకలులో 1912 మొదలుకొని 1945లో తన మరణమువరకు బిషప్పుగా నుండిన వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు, ఇంకను బిషప్పు కాకమునుపే, 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో లేచి మాటలాడిరి. మిషనరీల త్యాగమును కొనియాడిరి. వారి దానములను తక్కువ చేయలేదు. కాని భారతీయులు వారివలన ఇంకను పొందగోరుచున్నది స్నేహమని చెప్పిరి. ఇచ్చువాడు పైనను పుచ్చుకొనువాడు క్రిందను నిలిచినంతకాలము ఎంత ఇచ్చినను ఆ లోటు తీరదని ఆయనకు తెలియును. ఆ సభలో ఆ మాట విని నొచ్చుకొన్నవారుండిరి. బిషప్పయిన పిమ్మట ఆయన మన బీద గ్రామ సంఘములవారిని కూడ ఇచ్చువారినిగా చేయుటకు మిక్కిలి పాటుపడిరి. తినుటకు లేనివారిని ఇమ్మనుట కఠినమని కొందరనిరి. ఇయ్యగలవాడవని ఒకనితో చెప్పుట వానికి గౌరవమని ఆయన ఎంచిరి.

అల్లిక విషయములోనే మరియొక సంగతి కలదు. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీ స్త్రీలు నరసాపురపు ప్రాంతములో బీద స్త్రీలకు జీవనాధారముగా నుండునని లేసు అల్లిక నేర్పిరి. మంచి తలంపే. కాలక్రమమున అది పెద్ద వర్తకమై విదేశములకు పోయెను. అయితే 1982లో మరియా మీస్ అను జర్మను పండితురాలు ప్రచురించిన గ్రంథమువలన, ఇంటిపనితోపాటు గంటల తరబడి అల్లిన ఆ స్త్రీలకు దక్కిన కూలి ఎంత స్వల్పమో లోకమునకు తెలిసినది. చేతికి పని ఇచ్చుట ఒకటి. ఆ పనిమీద ఆ చేతికే అధికారము ఇచ్చుట మరియొకటి.

ఇంత వ్రాసిన తరువాత నన్ను నేను ఒక ప్రశ్న అడుగవలసియున్నది. దీనిని దాటి పోవుట నిజాయితీ కాదు. నా గుండీ నేనే పెట్టుకొనవలెననుట గర్వము కాదా? పేతురు తన పాదములు కడుగనియ్యనన్నప్పుడు ప్రభువు ఒప్పుకొనలేదు. యోహాను 21వ అధ్యాయములో ఆయన ఆ పేతురుతోనే, యౌవనమున నీ నడుము నీవే కట్టుకొంటివి గాని ముసలితనమున మరియొకడు కట్టునను భావమున మాటలాడెను. ఒకరి చేత కట్టించుకొను దినము మనకందరికిని రావచ్చును. అవ్వ ఎడమచేయియు ఒకనాడు పడిపోవచ్చును. ఆ దినమున మనుమరాలు పట్టీ కట్టినయెడల అందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. ఆ చేతులు కూడ ప్రభువు చేతులే.

నేను చాల దినములు దీనిని ఆలోచించితిని. నాకు తోచినది ఇంతే. దేవుడు తన కాలమున మన చేతినుండి తీసికొనునది వేరు. దాత తన తొందరవలన ఆ కాలమునకు ముందే తీసికొనునది వేరు. అవ్వ కుడిచేతిని పక్షవాతము తీసికొనెను. ఎడమచేతిని ఆ నెల దినములు నేను తీసికొంటిని. మొదటిదానికి ఆమె ప్రార్థనలో కన్నీళ్లు విడిచి సమాధానపడినది. రెండవదానికి నేను క్షమాపణ అడిగితిని. ఆమెకు నేను దేనికొరకు అడుగుచున్నానో మొదట అర్థము కాలేదు. "గుండీకా?" అనెను.

ఆ సంవత్సరము తక్కిన 39 పట్టీలను అన్నిటిని విప్పలేదు. చాలమందికి అవి బాగుగానే సరిపోయినవి. ఈ మాటను నా పక్షమున చెప్పుకొనుచున్నాను. ఏడింటిని మాత్రము మార్చవలసి వచ్చినది. ఒక వృద్ధుడు తనకు పట్టీయే వద్దని, ఆ ఊలుతో మనుమనికి కాలిమేజోళ్లు అల్లి ఇమ్మని అడిగెను. అల్లి యిచ్చిరి. లెక్కల పుస్తకములో దానిని ఏ పద్దులో వ్రాయవలెనో నాకు తెలియక తలపట్టీ అనియే వ్రాసితిని.

పోయిన నవంబరులో అవ్వ నన్ను కబురుపెట్టి పిలిపించెను. కొంగు ముడి పండ్లతోను ఎడమచేతితోను విప్పి, ఒక నూలు దారపు ముక్క తీసి నా చేతిలో పెట్టెను. దానికి ఒకచోట ముడి వేసియున్నది. ప్రక్కయింటి కురుమ తాత తల కొలత అది. ఆయన మన సంఘపువాడు కాడు. గొంగడి చినిగి రెండేండ్లయినదట. "మనుమరాలు చుట్టి పట్టుకున్నది, ముడి నేనే ఏసిన. ఆయినకు రెండు చేతులు మంచిగనే ఉన్నయి, గుండీ ఎటుపక్క పెట్టినా నడుస్తది. నెత్తి మాత్రం పెద్దది, చెప్పుండ్రి" అనెను.

దారమును సహోదరికి ఇచ్చితిని. ఆమె దానిని బల్లమీద చాచి టేపుతో కొలిచెను. 23 అంగుళములు. ముదురు రంగు ఊలు తనయొద్ద అయిపోయినదని, జనగామ పోయినప్పుడు నల్లది ఒక ఉండ తేగలరా అని నన్నడిగెను. మంగళవారము పోవుచున్నానని చెప్పితిని.